ఎనిమిది చెంచాల పీచు

ముప్పై ఆరో ఏట ఓదెలుకు హనుమకొండ నుంచి భూపాలపల్లి దాకా దారిలో ఉన్న మరుగుదొడ్లన్నీ కంఠతా వచ్చు. ఏ పెట్రోలు బంకులో తాళం వేసి ఉంటుందో, ఏ హోటలువాడు డ్రైవరని చూసి తాళంచెవి ఇస్తాడో, ఎక్కడ రోడ్డు పక్కన తుప్పలు మనిషెత్తు పెరిగి ఉంటాయో అన్నీ తెలుసు. అతను ఆర్టీసీలో డ్రైవరు. పెద్దపేగు నిండా పుండ్లు. రోజుకు పన్నెండుసార్లు, ఒక్కోనాడు పదిహేనుసార్లు, నెత్తురుతో.

ఒక మధ్యాహ్నం ములుగు దాటాక నలభై ఆరుమంది ప్రయాణికులను నడిరోడ్డు మీద వదిలేసి చెట్లలోకి పరుగెత్తాడు. తిరిగి వచ్చి బండెక్కాడు. ముందుసీట్లోని ముసలాయన లేచి తన నీళ్ళ సీసా అందించి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ట్రిప్పు ఎలాగో పూర్తి చేసి, డిపోలో బండి అప్పగించి, ఇంటికొచ్చి భార్య రజితతో, "నేనిగ బస్సెక్క" అన్నాడు ఓదెలు.

అతని అక్క స్వరూప హనుమకొండలోనే ఒక పరిశోధనశాలలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసిన తండ్రి మగ్గం పక్కనే కూర్చుని చదువుకున్న పిల్ల. పన్నెండేళ్ళుగా ఆమె బతుకంతా ఒకే బాక్టీరియా చుట్టూ తిరిగింది. మనిషి పెద్దపేగులో మామూలుగా ఉండేదే అది. దాని జన్యువులను మార్చి, జొన్న చొప్ప నుంచి తీసిన ఒక రకం పీచును ఇష్టంగా తినేలా, తిని బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని నాలుగింతలు ఎక్కువగా వదిలేలా చేసింది. పేగు గోడలోని కణాలకు ఆ ఆమ్లమే అసలైన తిండి. రికార్డుల్లో ఆ బాక్టీరియాకు పొడవాటి సంఖ్య ఒకటి ఉంది కానీ, స్వరూప మాత్రం దాన్ని 'నేత' అని పిలిచేది.

ఎలుకల్లో నేత పనిచేసింది. మనుషుల మీద పరీక్షించడానికి అనుమతి వచ్చిన రోజు స్వరూప నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది.

"ఒక్కసారి ఆసుపత్రిల క్యాప్సూల్ మింగుడే. లోపట నేత కాపురం పెడ్తది" అంది. "దానికి రోజూ బువ్వ పెట్టాలె గదా. రెండు చెంచాల పీచు పొడి సల్లల కలుపుకొని తాగు. అది తింటది, నీ పేగు గోడకు బలమిస్తది. గోడ మీద జిగురు పొర మళ్ళ వస్తది. ఆ పొర కింద పుండ్లు మానుతయి."

"జొన్నరొట్టె తినొచ్చా అక్కా?"

"వద్దురా. రొట్టె, ఆకుకూరలు, పొట్టు పప్పు, గింజలు, గరుకు తిండి ఏదీ వద్దు. తెల్లబువ్వ, సల్ల, పలుచటి పప్పుచారు. పీచంత పొడిలనే వస్తది."

పుండ్లున్న పేగుకు గరుకు తిండి తగలకూడదన్నది డాక్టర్లు ఎప్పటినుంచో చెప్పే మాటే. స్వరూప దాన్ని నియమంగా మార్చి, కాగితం మీద అచ్చువేయించి, వాలంటీర్లందరికీ పంచింది.

పదకొండో వారానికి ఓదెలుకు నెత్తురు ఆగింది. ఆరో నెలలో మళ్ళీ బస్సెక్కాడు. ఇక అతని నోరు ఆగలేదు. బస్టాండులో, టీ కొట్టులో, ఎవరైనా కడుపు పట్టుకుని కనిపిస్తే చాలు, పక్కకు తీసుకెళ్ళి తన సంగతి చెప్పేవాడు. సిగ్గుతో పెళ్ళాలకు కూడా చెప్పుకోని మగవాళ్ళు అతనికి చెప్పుకున్నారు. పరీక్షలో చేరిన నూట ముప్పై ఏడుగురిలో నలభైమంది అతను వెంటబెట్టుకొచ్చిన వాళ్ళే. 'మంచిగైనోళ్ళం' అని ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. రోజూ పొద్దున్నే అందులో అతని గొంతు వినిపించేది: "పొడి తాగిన్రా అందరు?"

అలా రెండేళ్ళు గడిచాయి.

మూడో ఏడు ఆషాఢంలో ఓదెలు ఖాళీ డబ్బా పట్టుకుని పరిశోధనశాలకు వచ్చాడు. అప్పటికి నెల మొదలై పదకొండు రోజులే అయింది.

"అయిపోయిందా అప్పుడే? రోజుకెన్ని చెంచాలు?"

ఓదెలు నేల చూపులు చూశాడు. "ఎనిమిది."

స్వరూప చేతిలోని కలం కింద పెట్టింది. "ఎప్పటిసంది?"

"ఆర్నెల్లాయె. రెండు సరిపోతలేవక్కా. కడుపుల ఏదో కెలుకుతున్నట్టు అయితది. ఇంకో చెంచా తాగితె సల్లవడ్తది. ముందుగాల మూడు, తర్వాత నాలుగు, గట్ల గట్ల..."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నన్ను తీసేస్తవని. మల్ల ఎనకటి లెక్క అయితనని."

ఇంకో డబ్బా ఇచ్చి, పరీక్షలకు రమ్మని రోజు చెప్పి పంపింది. ఆ రోజు రాకముందే వానలు పట్టుకున్నాయి. ఏటూరునాగారం అవతల వాగు పొంగి రోడ్డు తెగింది. ఓదెలు బస్సు రెండు రోజులు ఆవల ఒడ్డునే ఆగిపోయింది. పొడి డబ్బా ఇంట్లో ఉంది. ఊరివాళ్ళు వండిపెట్టిన తెల్లన్నం, చారు తిన్నాడు. మూడో రోజు నీళ్ళు తగ్గి బస్సు కదిలేసరికి డ్రైవరు సీటు ఎర్రగా తడిసి ఉంది. బస్సును ఇంకో డ్రైవరు తీసుకొచ్చాడు. ఓదెలును వెనకసీట్లో పడుకోబెట్టారు.

ఆసుపత్రిలో సర్జన్ విద్యాసాగర్ కెమెరా గొట్టాన్ని పేగులోకి పంపి, తెరను స్వరూప వైపు తిప్పాడు. ఆమె ఇలాంటి బొమ్మలు వేలసార్లు చూసింది. కానీ ఇలాంటిది చూడలేదు. పుండ్లు లేవు. ఒకటో రెండో చోట్ల ఉండే మచ్చలు కాదు, గోడ మొత్తం ఒకే తీరుగా ఒరుసుకుపోయి, పోగులు తేలిన పాత జంపఖానాలా ఉంది. కెమెరా తగిలినచోటల్లా నెత్తురు చెమర్చింది.

"రెండు రోజుల్లో ఇలా కాదు మేడమ్," అన్నాడు విద్యాసాగర్. "ఎన్నాళ్ళ నుంచో లోపల్లోపల పల్చబడుతూ వచ్చింది. ఆ రెండు రోజులు బయటపెట్టాయంతే."

పరిశోధనశాలలో స్వరూప సహచరి జరీనా ఓదెలు నమూనాలన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది. మొదటి నెలది, ఏడాదిది, ఇవాళ్టిది.

"మొదట్లో మూడువందల ఇరవై రకాల బాక్టీరియా ఉన్నాయి మేడమ్. ఏడాదికి తొంభై. ఇప్పుడు పదకొండు. ఆ పదకొండులోనూ నూటికి తొంభై ఆరు వంతులు నేతే."

"మిగతావేమైనట్టు?"

"ఆకలితో పోయినట్టు. వాటికి కావలసిన పీచు ఏదీ మనం తిననివ్వలేదు కదా."

జరీనా మెల్లగా మిగతాది కూడా చెప్పింది. పొడి అందినంతసేపూ నేత మంచిదే. కానీ పోటీ లేక అది లెక్కకు మించి పెరిగింది. రెండు చెంచాలు సరిపోయిన గుంపు ఇప్పుడు ఎనిమిది చెంచాలు అడుగుతోంది. అందకపోతే పేగు గోడ మీది జిగురును తింటోంది. జిగురును కోసే పాత ఎంజైము ఒకటి దానికి పుట్టుకతోనే ఉంది. పీచు దొరుకుతుంటే దాని జోలికి పోదని, ఆ జన్యువును తీసెయ్యకుండా వదిలేశారు. వదిలేద్దామన్నది స్వరూపే. ఆ రోజు మీటింగులో ఎవరో అడిగితే, "అవసరం లేదు" అని రెండు మాటల్లో తేల్చేసింది.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ వాలంటీర్లందరికీ ఫోన్లు చేశారు. ఆరు చెంచాలు. తొమ్మిది. పరకాలలో ఒక టైలరు పద్నాలుగు చెంచాలు తాగుతున్నాడు, కడుపు కుండలా ఉబ్బి కుట్టుమిషను ముందు వంగలేకపోతున్నాడు. డబ్బా ఒలికిందనో, వానకు తడిసిందనో చెప్పి ఇంకోటి తీసుకుంటూ అందరూ దాచారు. అందరిదీ ఒకటే భయం, పొడి ఇవ్వడం ఆపేస్తారేమోనని.

స్వరూప ఏదీ దాచకుండా పైవాళ్ళకు రాసింది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: ప్రయోగం తక్షణం నిలిపివేయాలి. నిలిపివేయడమంటే పొడి ఆపడం. ఆపితే ఏమవుతుందో ఆమె తెర మీద చూసింది. ఆపకుండా ఇద్దామన్నా ఉన్న పొడి నలభై రోజులకు మించి రాదు. కొత్తగా తయారుచేయడానికి ఇక అనుమతి లేదు. నేతను మందులతో చంపుదామంటే దానితోపాటు ఆ మిగిలిన పదీ పోతాయి. ఆ బోసి గోడ మీద ఏ రోగక్రిమి వచ్చి కూర్చుంటుందో చెప్పలేరు.

జరీనా నిద్రాహారాలు మాని నమూనాలన్నీ వరసగా చూస్తూ పోయింది. అన్నింటిలోనూ అదే కథ. నూట పద్దెనిమిదో నమూనా దగ్గర ఆగి, తప్పు సీసా తీశాననుకుని మళ్ళీ చూసింది. తప్పు కాదు. నాలుగువందల రకాల బాక్టీరియా. వాటి మధ్య నేత కూడా ఉంది, నూటికి రెండు వంతులు. బుద్ధిగా, నలుగురిలో ఒకటిగా.

ఆ నమూనా కొంరవ్వది. ధర్మసాగరం దగ్గర పల్లెలో ఉంటుంది, డెబ్బై ఏళ్ళ మనిషి. మొదట్లో ఆమెకూ నెత్తురు పడేది. ఇప్పుడు పూర్తిగా నయమైందని రికార్డు చెబుతోంది. ఈ రెండేళ్ళలో ఒక్కరోజు తప్పకుండా పొడి తాగినట్టు పుస్తకం నిండా టిక్కులున్నాయి.

స్వరూప వెళ్ళేసరికి కొంరవ్వ కొట్టం ముందు బర్రెకు కుడితి పెడుతోంది.

"కొంరవ్వా, నిజం చెప్పు. పొడి తాగుతున్నవా?"

"పుస్తకంల టిక్కులు పెట్టిన గద బిడ్డా."

"టిక్కులు పెట్టినవు. తాగినవా?"

కొంరవ్వ బర్రె వంక చూసింది. "అది తాగింది" అంది.

కొంరవ్వ గాబరాగా చెప్పుకుపోయింది. "రంపపు పొట్టు లెక్క గొంతుల దిగుతలేదు బిడ్డా. పారబోద్దామంటె పానం ఒప్పలే, మీరు అంత కష్టపడి ఇస్తిరి. కుడితిల కలిపిన. బర్రెకేం కాలే, మంచిగనే ఉన్నది. ఆసుపత్రిల ఇచ్చిన గోలి మాత్రం మింగిన, ఒట్టు."

"మరి నువ్వేం తింటున్నవ్ అవ్వా?"

"ఏముంటది? జొన్న గటక. అనపగింజలు, పెసర్లు, తొగరిపప్పు. చేన్ల పొన్నగంటి, తుమ్మికూర, గంగవాయిలి కూర. ఏది దొరికితె అది."

"అవన్నీ వద్దని కాగితంల రాసిన గదా."

"మనవరాలు సదివి చెప్పింది. గవన్ని ఇడిసిపెట్టి ఏం తినాలె బిడ్డా, మన్నా? అందుకే ఆ కాగితం దూలానికి చెక్కిన." కొంరవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "నన్నేమన్న జేలుల ఏస్తరా?"

స్వరూపకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. కుడితి గోళెం అంచు మీద కూలబడి మొహం కప్పుకుంది. కొంరవ్వ ఏం చేయాలో తోచక తడిచేతితోనే ఆమె వీపు నిమిరింది.

నేత విషం కాదు. ఒంటరిదై చెడింది. నాలుగువందల రకాల ఇరుగుపొరుగు, పది రకాల తిండి ఉన్నచోట అది తన పని తాను చేసుకుపోతోంది. కొంరవ్వ పేగులోని ఆ బాక్టీరియా సంతను ఆమె మలంలోంచి తీసి మిగతావాళ్ళలో నాటాలి. వాటికి తిండి అందేలా కూరలు, పప్పులు మెత్తగా ఉడికించి మొదలుపెట్టాలి. ఒక్కటే చిక్కు. పొడి పడుతున్నంతకాలం నేత కొత్తవాటికి చోటివ్వదు. కాబట్టి పొడి ఆపాలి. ఆపిన నాటి నుంచి కొత్తవి కుదురుకునేదాకా ఆకలిగొన్న నేత గోడను తింటూనే ఉంటుంది. స్వరూప లెక్కవేసింది. తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులు గోడ ఆగుతుందా లేదా అన్నది ఎవరి పేగులోనైనా చేసి చూస్తే తప్ప తెలియదు.

ఆసుపత్రి గదిలో విద్యాసాగర్ రెండో దారి చెప్పాడు. "పెద్దపేగు మొత్తం తీసేస్తాను, ఈ వారంలోనే. పొట్ట మీద మలం పట్టే సంచీ ఉంటుంది జీవితాంతం. కానీ ప్రాణానికి భయం లేదు."

ఆయన వెళ్ళాక ఓదెలు చాలాసేపు కిటికీలోంచి రోడ్డు చూశాడు.

"నూట ముప్పై ఐదు మందికి తీస్తరా అక్కా పేగులు? నలభై దినాలల్ల?"

"తియ్యలేరు."

"నలభైమందిని నేనే తోలుకొచ్చిన. పరకాల టైలరైతె రానంటె రానన్నడు. ఇంటికి పోయి, నా పేగు బొమ్మలు చూపించి, బతిలాడి తెచ్చిన." తల తిప్పి ఆమెను చూశాడు. "నువ్వేమంటవ్?"

"ఆపరేషనే మంచిదిరా," అంది స్వరూప.

అనడమైతే అంది. గొంతులో బలం లేదని ఆమెకే వినిపించింది. తమ్ముడు ఆపరేషనుకు ఒప్పుకుంటే రేపు ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి, చచ్చిపోవచ్చు అని చెప్పి మరీ అడగాలి. వాళ్ళు ఒప్పుకునేలోగా రోజులు పోతాయి. ఇక్కడ మంచం మీద ఉన్నవాడు అడగకుండానే ఒప్పుకుంటాడు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమెకు ఒళ్ళంతా చీదర పుట్టింది. అయినా అది పోలేదు.

"మొదటిసారి నిన్నే ఎందుకడిగిన్నో ఎర్కేనా?" అంది హఠాత్తుగా. "నువ్వు కాదనవని. గంతే. వేరే ఏం లేదు."

"నాకెర్కే," అన్నాడు ఓదెలు. "నాకు మందు కావాలె, నీకు మనిషి కావాలె. రెండేండ్లు మంచిగ బతికిన గదనే. బస్సు నడిపిన."

రజిత టిఫిను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"వదినా, ఆపరేషన్ చేయించుకొమ్మని గట్టిగ చెప్పు. నేను చెప్తె ఇనడు. నీ మాటంటె ఇంటడు."

"చెప్పిన రజితా."

"నేనూ విన్న." రజిత గిన్నె బల్ల మీద పెట్టింది. "గట్టిగ చెప్పలే నువ్వు."

స్వరూప మళ్ళీ చెప్పలేదు. మధ్యాహ్నం ఓదెలు కాగితాల మీద సంతకం చేశాడు. కింద తన చేత్తో ఒక వాక్యం అదనంగా రాశాడు: పేగు తీయవలసి వస్తే మా అక్కకు ఇవ్వగలరు.

సోమవారం పొద్దున గొట్టం ద్వారా పెద్దపేగు మొదట్లో, కుడివైపున, కొంరవ్వ ఇచ్చినదాన్ని నాటారు. పొడి ఆపేశారు. రజిత తెచ్చే పొన్నగంటికూర, పెసర్లు, తొగర్లు మెత్తటి గుజ్జుగా చేసి గంటకో గరిటె తినిపించారు. బుధవారానికి నలభై రకాల కొత్త బాక్టీరియా కనిపించాయి. గురువారం డెబ్బై. జరీనా ఫోన్లో అరిచినంత పని చేసింది. ఓదెలు మంచం మీద నుంచే గ్రూపులో మాట్లాడాడు: "దైర్నం ఉండున్రి. నాకు మంచిగనే అయితున్నది. నా ఎనక మీరే." నెత్తురు పడుతూనే ఉంది. అది చెప్పలేదు.

శనివారం పొద్దున పది గంటలకు నర్సు చేతిలోని గ్లాసు తీసుకోబోయి ఆగిపోయాడు. మొహం బూడిదలా అయింది.

"అక్కా, లోపట ఏదో తెగింది."

స్వరూప అతని పొట్ట మీద చెయ్యి వేసింది. చెక్కలా ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు విద్యాసాగర్ థియేటరు బయటికి వచ్చాడు. పేగు ఎడమవైపు చిల్లుపడి లోపలిదంతా పొట్టలో చిమ్మిందని, కడిగామని, ఆశ ఉందని, గట్టిగా చెప్పలేనని చెప్పాడు. వెనకాలే నర్సు ఐసు నింపిన డబ్బా తెచ్చి స్వరూప చేతిలో పెట్టింది.

ఒంటి నుంచి వేరైన పేగులో బాక్టీరియా గంటల్లో చెదిరిపోతాయి. నాలుగు గంటలు దాటితే అందులో ఏం చదివినా అబద్ధమే. ఐసీయూ తలుపు దగ్గర రజిత నేల మీద కూర్చుని ఉంది. స్వరూప ఆమెను దాటి రెండడుగులు వేసింది.

"ఎటు పోతున్నవ్ వదినా?"

"ల్యాబుకు. ఇది ఇప్పుడే చూడాలె. ఆలిస్యమైతె..."

"ఆయన కండ్లు తెరిస్తె?"

"వస్త. ఫోను చెయ్యి. వెంటనే వస్త."

రజిత ఆ డబ్బాను చూసి కళ్ళు మూసుకుంది.

పరిశోధనశాలలో స్వరూప తమ్ముడి పేగును బల్ల మీద పొడుగ్గా పరిచింది. కుడి చివర నుంచి ఎడమ చివర దాకా రెండున్నర అంగుళాలకో ముక్క కోసి, సంఖ్య వేసి, గడ్డకట్టించి, పల్చటి పొరలుగా తీసి, జిగురుకు పట్టే నీలిరంగు వేసింది. జరీనా అందిస్తూ ఉంది.

మొదటి ముక్కను స్వరూప సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గోడ మీద నీలంగా, నిండుగా, ఒక పొర. దాని మీద రకరకాల బాక్టీరియా. మధ్యలో నేత, గోడకు దూరంగా, తన చోట తాను. రెండో ముక్కలోనూ అంతే. మూడు, నాలుగు, ఐదు. జానెడు దాకా గోడ మానింది. ఆ తర్వాత నీలం పల్చబడింది. తర్వాత తెగింది. ఎడమ చివరి మూరెడులో నీలమే లేదు. అక్కడ నేత తప్ప మరొకటి లేదు. కణాలకు అతుక్కుని, వాటినే కొరుకుతూ.

ఆమెకు అర్థమైంది. పైనుంచి వచ్చే తిండిని కుడివైపు చేరిన కొత్తవాళ్ళు తినేశారు. ఎడమవైపు దాకా ఏమీ రాలేదు. కొత్తవాళ్ళూ రాలేదు, పీచూ రాలేదు. అక్కడి నేతకు గోడ తప్ప దిక్కు లేదు. పైనుంచి కొత్త సంతను పెంచుతూనే, కింది నుంచి ఎనీమాతో రోజుకో చెంచా పొడి ఆ చివరికి అందిస్తూ, కొత్తవి అక్కడికి చేరేకొద్దీ అర చెంచా, పావు చెంచా తగ్గిస్తూ పోవాలి. అంతే. ఏ నర్సయినా చేయగల పని. ఓదెలుకూ చేయగలిగిన పని.

"దొరికింది జరీనా," అంది. "రాసుకో."

మూడున్నరకు ఫోను మోగింది. రెండు చేతులకూ రంగు. జరీనా ఎత్తింది. విని, ఫోను బల్ల మీద పెట్టి, స్వరూప చేతిలోంచి బ్లేడు మెల్లగా తీసుకుంది.

సోమవారం పొద్దున పరకాల టైలరుతో కొత్త పద్ధతి మొదలైంది. స్వరూప దగ్గరుండి చెంచా కొలిచింది. తమ్ముడి చితి ఆరి ఒక్కరోజే అయింది. ఇంట్లో కూర్చోమని అందరూ చెప్పారు. పొడి ఇరవై మూడు రోజులకే ఉంది. నలుగురైదుగురిని ఒక్కో రోజు చేర్చుకున్నారు. వంతు వచ్చేలోగా నలుగురు చనిపోయారు. మిగతావాళ్ళలో గోడ నిలబడుతోంది. కొంరవ్వ రోజూ తెల్లారగానే పాలవ్యానులో వచ్చి, ఇవ్వవలసింది ఇచ్చి, ఎవరో ఒకరి మంచం పక్కన కూర్చుని, గుజ్జు తినమని బలవంతపెట్టి వెళ్తోంది.

పదమూడో రోజు కర్మ ముగిశాక రజిత పరిశోధనశాల మెట్లెక్కి వచ్చింది. నుదుట బొట్టు లేదు. ఆమెను చూసి జరీనా బయటికి నడిచింది.

"ఆయన నాకు మొత్తం దొర్కలే వదినా," అంది రజిత. "ఆసుపత్రి కాగితంల రాసున్నది, పేగు మీకిచ్చిన్రని. అదిప్పియ్యి. కాష్ఠం మీద పెట్టకపోతిమి. కనీసం కాళేశ్వరంల కలుపుత."

స్వరూప ఫ్రీజరు తెరిచి ఒక పెట్టె తీసింది. ఇరవై మూడు ముక్కలు, ఒక్కోదాని మీద సంఖ్య. రజిత వాటిని చూసింది. ముట్టుకోలేదు.

"గివ్వేనా?"

"గివ్వే."

"కండ్లు తెరిచిండు ఆ దినం. నిన్నడిగిండు. వస్తున్నదని చెప్పిన."

రజిత సూక్ష్మదర్శిని వైపు చూపించింది. "దీంట్ల చూస్తె ఏం కనిపిస్తది?"

స్వరూప ఒక గాజుపలక పెట్టి, సరిచేసి, పక్కకు జరిగింది. రజిత వంగి ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది.

"నీలంగ ఉన్నది. ఏందది?"

"అది మానిన చోటు."

"ఎంత మానింది?"

"జానెడు."

"జానెడు," అంది రజిత. లేచి నిలబడి తను కన్ను ఆనించిన అద్దం మీది తడిని కొంగుతో తుడిచింది. "కిందికెల్లి కూడ పొడియ్యాలని ముందుగాల ఎందుకు తోయలే నీకు?"

చెప్పడానికి స్వరూప దగ్గర శాస్త్రం చాలా ఉంది. "తోయలే" అంది.

రజిత తల ఊపింది. "ఇంకెంతమంది ఉన్నరు?"

"డెబ్బై ఏడుగురు."

"ఇవి లేకుంట చెయ్యలేవా?"

చేయగలనని ఊరుకుంటే పెట్టె ఆమె చేతికిచ్చి పంపవచ్చు. స్వరూప ఉన్నదున్నట్టు చెప్పింది. "చెయ్యొచ్చు. కాని ఎవలికన్న తేడా వస్తె, యాడ తప్పు పోయిందో వీటిని చూసే తెలుసుకుంటున్న. నిన్న గూడ చూసిన."

రజిత పెట్టె మూత తానే మూసింది. బల్ల మీద దాన్ని స్వరూప వైపు నెట్టింది.

"డెబ్బై ఏడుగురయినంక ఇయ్యి. ఒక్క ముక్క తక్కువ కావద్దు, లెక్కపెట్టుకుంట." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది. "అది కూడ నువ్వు తేకు. ఆ జరీనమ్మతోని పంపు. నా ఇంటి మెట్లు నువ్వు ఎక్కద్దు వదినా. ఎన్నటికి ఎక్కద్దు."

ఆమె చెప్పుల చప్పుడు కింది అంతస్తు దాకా వినిపించి ఆగిపోయింది. స్వరూప పెట్టెను ఫ్రీజరులో పెట్టి, చేతులు కడుక్కుని, వరండాలోకి వచ్చింది. బల్ల మీద ముగ్గురు కడుపులు పట్టుకుని కూర్చున్నారు. మొదట కూర్చున్న మనిషి పేరు పిలిచింది.